కీబోర్డు సంచిలోని గొంతు

మా సంఘంలో అందరం ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తాం. కొత్తగా వచ్చినవాళ్ళకు అది గోలలా ఉంటుంది. నూట యాభైమంది నూట యాభై కష్టాలు చెప్పుకుంటుంటారు. పక్కవాడి మాట వినబడదు, వినాలని ఎవరూ అనుకోరు కూడా. వినేవాడు పైన ఉన్నాడు. అంత గోలలోనూ చెవి పెట్టి ఉండాల్సినవాడు ఒక్కడే, కీబోర్డు ముందు కూర్చున్నవాడు. ప్రార్థనల కింద సన్నగా స్వరాలు పరుస్తూ ఉండాలి. ఎవరి గొంతు పైకి లేస్తే ఆ శ్రుతికి వేళ్ళు జరపాలి. ఏడుస్తుంటే మెల్లగా, స్తుతిస్తుంటే కాస్త పెద్దగా. మాటలు పట్టించుకోనక్కర్లేదు, గొంతు ఎటు పోతోందో తెలిస్తే చాలు. పదిహేనేళ్ళుగా నేను చేస్తున్న పని అది.

ముందే ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా భయం అక్కడి నుంచే వచ్చింది.

మా బృందం బోరబండలో ఒక మేడ మీది రేకుల గదిలో మొదలైంది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. కృష్ణా జిల్లా నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగానికి వచ్చాను, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. ఆఫీసులో నా పక్క కుర్చీ కడప అబ్బాయి గిటారు వాయించేవాడు. బోరబండలోనే ఉండే ఒక పెయింటరు అన్న డోలక్ వాయించేవాడు. ముగ్గురం. ఆ రోజుల్లో మేం కట్టిన పాటలు ఎనిమిది. ఇప్పుడు సంఘం మదీనాగూడలో, ఫర్నిచర్ షాపు పైన పెద్ద హాలులో ఉంది. పాటల మాటలు తెర మీద వస్తాయి. ఆ ముగ్గురిలో నేనొక్కణ్ణే మిగిలాను. కడపవాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. డోలక్ అన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

బృందానికి పదిహేనేళ్ళు నిండుతున్నాయని ఈ ఏడాది ఒక ఆదివారం ప్రత్యేకంగా స్తుతి కూటం పెట్టాలనుకున్నారు. పాస్టర్ గారు నన్ను పక్కకు పిలిచారు.

"బ్రదర్, మొదట్లో రికార్డు చేసినవి ఏమైనా ఉంటే వెతకండి. మీ సాక్ష్యానికి ముందు రెండు నిమిషాలు వినిపిస్తే భలే ఉంటుందండి."

సాక్ష్యం అంటే ప్రభువు మనకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం. నా సాక్ష్యం మా పిల్లలకు కూడా నోటికి వచ్చు. మా బృందానికి పేరు తెచ్చిన పాట ఒకటుంది, "నేను తుడిచిన నేలపై నీ అడుగు పడనీ" అని మొదలవుతుంది. ఎన్నో సంఘాల్లో పాడతారు. గృహప్రవేశాల్లో పాడతారు, చావు ఇళ్ళలో పాడతారు. ఉపవాసం ఉన్న మూడో ఉదయం ప్రభువు నాకు శుభ్రంగా తుడిచిన ఒక గదిని చూపించాడనీ, ఆ గది నా హృదయమేననీ, లేచి కీబోర్డు ముందు కూర్చుంటే పాట దానంతట అదే వచ్చిందనీ చెబుతాను. చివర్లో, "ఈ పాట నాది కాదు, ప్రభువు ఇచ్చాడు" అంటాను. అందరూ చప్పట్లు కొడతారు. అలా అన్నప్పుడల్లా నన్ను నేను తగ్గించుకుంటున్నానని నమ్మాను. మా పాటల పుస్తకంలో కూడా ఎవరి పేర్లూ వేయం. మహిమ మనుషులకు పోకూడదని మా పద్ధతి.

నల్లగండ్లలో మా ఫ్లాటు అటక మీద నా మొదటి కీబోర్డు సంచి ఉంది. కీబోర్డు ఎప్పుడో పాడైపోయింది, సంచి మాత్రం పారేయలేదు. దాని పక్క జేబులో తుప్పు పట్టిన బ్యాటరీలు రెండు, విరిగిన ఒక తీగ, మడతపెట్టిన కానుక కవరు ఉన్నాయి. కవరు విప్పితే గోరంత మెమరీ కార్డు. నా పాత బటన్ ఫోనులోది. అప్పట్లో సాధన మొదలుపెట్టగానే ఆ ఫోను కిటికీ గూట్లో పెట్టి రికార్డింగు నొక్కి మరిచిపోయేవాళ్ళం.

మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళుతూ మదీనాగూడలో ఒక సెల్‌ఫోను షాపులో ఆ కార్డులోవన్నీ నా ఫోనులోకి ఎక్కించుకున్నాను. పద్నాలుగు ఫైళ్ళు. పేర్లు లేవు, అంకెలే. ఆఫీసు సెల్లారులో కారు ఆపి, పైకి వెళ్ళడానికి ఇంకా అరగంట టైముందని మొదటిది పెట్టాను.

ఫ్యాను చప్పుడు. రెక్క ఒకటి వంగి ఉండేది, టక్ టక్ మని కొట్టుకునేది. తర్వాత కడపవాడి గొంతు.

"రేయ్, నీ కీబోర్డుకు జ్వరమొచ్చిండాదేమో సూడు. ఊరికే వణుకుతాంది."

"జర ఆగుండ్రి," అని డోలక్ అన్న. "నా డోలక్ శ్రుతి దిగింది. నీ గొంతు దిగినట్లే."

నేను కార్లో ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. చనిపోయిన మనిషి నన్ను ఆటపట్టిస్తుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పాస్టర్ గారికి ఈ ముక్క చాలు అనుకున్నాను. అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది.

తర్వాత ప్రార్థన మొదలైంది. అందరూ ఒకేసారి. ఆ గోల కింద నా కీబోర్డు. కిటికీ దగ్గర ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు కనుక ఫోనుకు వాళ్ళ గొంతులే దగ్గర. అందులో ఒక గొంతు మాట్లాడటం మాని, మెల్లగా రాగంలోకి జారింది.

"నేను తుడిచిన నేల మీద నీ అడుగు వడనీ, ప్రభువా... నేను తుడిచిన నేల మీద నీ అడుగు వడనీ..."

ఆ గొంతు ఎవరిదో వెంటనే తెలిసింది. మేమంతా అక్క అనే పిలిచేవాళ్ళం. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో నేల తుడిచే పని చేసేది. సాయంత్రం పని దిగి, ఆ యూనిఫారంతోనే ప్రార్థనకు వచ్చేది. ఆమె వెనక ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది. ఆమె పాడుతూనే ఉంది. రెండోసారికి నా కీబోర్డు ఆమె శ్రుతికి జరిగింది. మూడోసారికి ఆమె ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ లేస్తుందో నా వేళ్ళకు తెలిసిపోయింది. రాగం అదే. ఒక్క మెట్టు కూడా తేడా లేదు.

ఫోను ఆపేశాను. 

నాకు నేను చెప్పుకున్న మొదటి మాట ఏమిటంటే, తెలియక జరిగింది. అందరూ ఒకేసారి ప్రార్థిస్తున్నారు, నేను మాటలు వినలేదు, వేళ్ళు మాత్రం వినుంటాయి, తర్వాత ఎప్పుడో ఉపవాసంలో అది పైకి తేలింది. ఇందులో పాపం ఏముంది? ఆ మాట పట్టుకుని గుండె కొంచెం కుదుటపడింది. దాన్ని గట్టి చేసుకోవడానికే రెండో ఫైలు పెట్టాను.

ప్రార్థన అయిపోయింది. చెప్పులు వేసుకుంటున్న చప్పుళ్ళు. అందరూ మెట్లు దిగుతున్నారు. అప్పుడు ఫోనుకు చాలా దగ్గరగా ఇరవై నాలుగేళ్ళ నా గొంతు.

"అక్కా, ఇందాక పాడారు కదండీ, నేల తుడవడం గురించి. ఆ లైను ఇంకోసారి అనండి."

ఆమె నవ్వింది. "ఏందో తమ్మీ, పని జేస్తుంటె అనుకుంట." మళ్ళీ పాడింది. నేను ఒక్కో స్వరం వెతుక్కుంటూ వాయించాను. "ఇదేనా అక్కా?" "ఆఁ, గదే."

అంటే నాకు తెలుసు. అడిగాను, నేర్చుకున్నాను, మరిచిపోయాను. మరిచిపోయానో, మరిచిపోవడం నాకు అనుకూలమైందో ఈ రోజుకూ చెప్పలేను. ప్రభువుకు తెలుసు. నన్ను వణికించింది అదే, ఆయనకు తెలుసు అన్నది. దైవభయం మీద నేను ఎన్నో కూటాల్లో మాట్లాడాను. ఆ రోజు సెల్లారులో, స్తంభం మీద అంకె చూస్తూ కూర్చున్నప్పుడు, ఇన్నాళ్ళూ ఆ మాట ఎంత తేలిగ్గా వాడానో అనిపించింది. ఆయన పేరు మీద, ఆయన చెయ్యని పని ఒకటి చేశాడని, మా పాటల సీడీ వచ్చినప్పటి నుంచి పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. మైకులో చెబుతున్నాను.

లిఫ్టు దిగేసరికి మా అంతస్తులో అప్పుడే నేల తుడిచారు. పసుపురంగు బోర్డు పెట్టి ఉంది. కర్ర పట్టుకున్న ఆమె గోడకు జరిగి, "పోండి సార్, ఏం కాదు," అంది. నా కాలు లేవలేదు. ఆమె నన్నూ తడి నేలనూ మార్చి మార్చి చూసింది. నేల ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. వెనక లిఫ్టులోంచి వచ్చినవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ నా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయారు.

ఆ రెండు రోజులు మిగతా పన్నెండు ఫైళ్ళూ ముట్టుకోలేదు. మా పాటలు ఎనిమిది. విన్నవి రెండు ఫైళ్ళు. మిగతా ఏడు పాటలూ ఎక్కడివో లెక్క వేయడానికి ధైర్యం చాలలేదు. ప్రార్థనకు మోకరిస్తే మాట రాలేదు.  శనివారం పొద్దున నా భార్యకు వినిపించాను. ఆమె కూరగాయలు తరుగుతూ చివరిదాకా వింది, నా గొంతు వచ్చినచోట కత్తి ఆపింది.

"నాకెప్పుడూ అనుమానమేనండీ," అంది.

"దేని మీద?"

"చీపురు పట్టని మనిషికి ఆ మాట ఎలా తట్టిందా అని. పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఒక్కసారి ఇల్లు తుడిచారా మీరు?"

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"ప్రభువిచ్చాడన్నారుగా. ఇక ఆయన్నేం అడుగుతాను?"

ఆమె నవ్వలేదు. తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, "ఆవిడ బతికే ఉందా?" అంది. తెలియదన్నాను. "వెళ్ళి చూడండి మరి. నా మొహం చూస్తూ కూర్చుంటే ఏమవుతుంది?"

అక్క సంఘానికి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. మదీనాగూడకు మారాక దూరమై రావడం లేదని అనుకున్నాం. అనుకున్నాం, అంతే. ఒక్కరమూ వెళ్ళి అడగలేదు. హైటెక్ సిటీ స్టేషనులో లోకల్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే బోరబండ. ఆ ఒక్క స్టేషను దూరంలో రెండుసార్లు దిగిపోదామని తలుపు దాకా వచ్చాను, రైలు కదులుతుండగా. ఆమె చనిపోయి ఉండాలని ఒక క్షణం కోరుకున్నాను. రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. ఆ కోరికకు నేనే హడలిపోయి రైల్లో అందరి ముందూ, "ప్రభువా, క్షమించు" అని పైకే అన్నాను.

ఆమె ఇల్లు మారలేదు. పాత రేకుల గది ఉన్న మేడ పక్క సందులోనే, గుమ్మం ముందు పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె ముందు ప్లాస్టిక్ స్టూలు మీద పాత పేపరు ముక్కల దొంతర. నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"ఎవరయ్యా? ఎన్ని గావాలె?"

"నేనక్కా. వందనాలండి. కీబోర్డు..."

"ఓ, కీబోర్డు తమ్మీ! వందనాలు, వందనాలు. సన్నగ పుల్ల లెక్కుంటివి గద, గింత పొట్టేంది నీకు? కూసో, గా స్టూలు మీదికెల్లి కాయితాలు తీసి కూసో. పనిల ఉన్న, లేవలేను. మోకాళ్ళు పోయినయ్."

కూర్చున్నాను. ఆమె పిండి ముద్ద రెండు చేతుల మధ్య తట్టుతూ తిప్పుతోంది. ఆ తట్టడంలో తాళం ఉంది. నా చెవి దాన్ని పట్టుకుంటుంటే నా మీద నాకు అసహ్యం వేసింది. ఏం మాట్లాడాలో తెలియక, పాత రికార్డింగులు దొరికాయని చెప్పి ఫోను తీసి మొదటి ఫైలు పెట్టాను. కడపవాడి మాటలకు ఆమె నవ్వింది. డోలక్ అన్న గొంతుకు, "అయ్యో, మా పెయింటరు," అంది. తర్వాత ప్రార్థన. తర్వాత ఆమె.

చేతులు ఆగిపోయాయి.

"ఇగో, కుక్కర్ సీటీ," అంది మెల్లగా. "మా ఇంట్లదే. పొయ్యి బంద్ చెయ్యమని నా బిడ్డకు చెప్పొస్తి, చెయ్యకపాయె."

పెనం మీద రొట్టె మాడుతోంది. ఆమె చూడలేదు. నేనూ కదల్లేదు. పాట అయ్యాక అట్లకాడతో రొట్టె తీసి పక్కన పడేసింది.

"అక్కా, ఆ పాట మీది," అన్నాను. 

"నేను పాడిన్నని నాకు తెల్వదా?" అంది. "సీడీ ఇడుదలైన దినం నువ్వు నిలబడి సాక్ష్యం జెప్తివి గద, దేవుడు గది సూపిచ్చిండు, పాటిచ్చిండు అని. నేను ముంగటనే కూసున్న."

"మరి ఎందుకు అడగలేదక్కా?"

"ఎవర్ని అడగాలె? దేవుడిచ్చిండంటివి. ఇగ దేవున్నే అడిగిన. నాకిచ్చినవ్ గద, మళ్ళెందుకు గుంజుకున్నవ్ అని."

ఆమె ఇంకో ముద్ద తీసుకుంది గానీ తట్టలేదు. చేతిలోనే పట్టుకుని చెప్పింది. ఆ నెలలోనే ఆమె ఒక అబద్ధమాడింది. సూపర్‌వైజరు సెలవు ఇవ్వకపోతే, అత్త చనిపోయిందని చెప్పి రెండు రోజులు ఇంట్లో పడుకుంది.

"ఒళ్ళునొప్పులకు లేవ చాతగాక. మా అత్త బతికే ఉన్నది. గిప్పటికి గూడ ఉన్నది, లోపట టీవీ సూస్తున్నది. గా అబద్ధానికి దేవునికి కోపమొచ్చింది అనుకున్న. గందుకే నా నోట్లకెల్లి పాట దీసి, మంచోని నోట్ల వెట్టిండని. మస్తు ఏడ్చిన తమ్మీ. ఇగ గప్పటిసంది నలుగురిల నోరు ఇప్పలే. ప్రార్థన గూడ లోపట్లోపటనే. పని జేస్తుంటె గూడ పాడ."

లోపలి నుంచి టీవీ శబ్దం వస్తూనే ఉంది. నేను ఎంత పెద్ద తప్పు చేశానో అప్పటిదాకా నాకు తెలియదు. ఒక పాట తీసుకున్నాననుకున్నాను. నా నోటి మాటతో దేవుణ్ణి ఆమె మీద పగపట్టినవాడిగా చేసి, పన్నెండేళ్ళు ఆమె ఇంట్లో కూర్చోబెట్టాను. ఆమె ఒక్కో రోజు ఆయన ముందు తల వంచుకుని నోరు మూసుకున్నప్పుడల్లా, మదీనాగూడలో నేను చేతులెత్తి పాడుతున్నాను. నేల మీద, పేపరు ముక్కల మధ్య మోకరించాను.

"అక్కా, దేవుడు గుంజుకోలేదు. నేను గుంజుకున్నాను. ఆయన మీకు ఇచ్చింది మీకే ఇచ్చాడు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. జాలి లేదు ఆ చూపులో. నాకు భయం వేసింది, చిన్నప్పుడు ఆదివారపు బడిలో వాక్యం అప్పజెప్పలేక నిలబడినప్పటి భయం.

"లెవ్వు," అంది చివరికి. "గిరాకులొస్తరు. నాకు జెప్పుడు గాదు. గాడ జెప్పు. నేను నలుగురిల కూసోని విన్న గద, గా నలుగురిలనే జెప్పు. ఎప్పుడు మీ కూటం?"

"వచ్చే ఆదివారం."

"వస్త. ఎనుక కూసుంట. నువ్వు చెప్పకపోతివా, లేచి పోత. ఇగ నిన్నే గాదు, నువ్వు జెప్పే దేవున్ని గూడ నమ్మ."

బుధవారం పాస్టర్ గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నా పెళ్ళి చేయించిందీ, నా పిల్లలకు పేర్లు పెట్టిందీ ఆయనే. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పాట ప్రభువుదేనండి బ్రదర్. ఎవరి నోట వస్తే ఏముంది?"

"సాక్ష్యం నా నోట వచ్చిందండి. అది అబద్ధం."

"తప్పే. కాదనను. కానీ ఆ పాటతో బలపడినవాళ్ళు ఎంతమంది! వాళ్ళు తొట్రుపడితే ఆ భారం ఎవరి మీదండి? ఒక పని చేద్దాం. ఆ రోజు తెర మీద వేసే వీడియో చివర ఆవిడ పేరు వేద్దాం, ప్రత్యేక కృతజ్ఞతలు అని. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుదాం. ఏమంటారు?"

సరే అనాలనిపించింది. ఎంత అనిపించిందో చెప్పలేను. శాలువా, చప్పట్లు, ఫొటో, అయిపోతుంది. అందులో నేను ఇంకా మంచివాడిగా కూడా కనబడతాను. ఆ ఆలోచన వచ్చినప్పుడు వెనక గోడ వైపు చూశాను. ఖాళీ హాలే. అయినా ఎవరో లేచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

"అది చాలదండి," అన్నాను.

"ప్రార్థన చేసుకోండి," అన్నారాయన. ఆపమనలేదు, చెప్పమనీ అనలేదు.

ఆదివారం ఆమె వచ్చింది. యూనిఫారం లేకుండా ఆమెను చూడటం నాకు కొత్త. నీలం చీర, తల మీద చెంగు. మోకాళ్ళ వల్ల కింద కూర్చోలేక, చెప్పులు వదిలే చోట గోడవార కుర్చీ వేయించుకుంది. తలుపుకు రెండడుగుల దూరం. నా భార్య ఆమె పక్కనే కూర్చుంది. నేను వేదిక మీద కీబోర్డు ముందు, ఏ మెట్టు నొక్కుతున్నానో తెలియకుండా మొదటి మూడు పాటలు వాయించాను. నా పేరు పిలిచారు. లేచి మైకు పట్టుకున్నాను.

"మా బృందం మొదట్లో రికార్డు చేసింది ఒకటి వినిపిస్తాను," అని ఫోను మైకు దగ్గర పెట్టాను.

అక్క గొంతు హాలంతా వచ్చింది. మొదటి లైను పూర్తయిందో లేదో, ముందు వరుసలో ఒకామె అందుకుంది. వెంటనే నూట యాభైమంది అందుకున్నారు. అది వాళ్ళకు నోటికి వచ్చిన పాట. చప్పట్లు మొదలయ్యాయి. వెనక మా డ్రమ్ములు వాయించే తమ్ముడు తాళం వేసేశాడు. తెర మీద మాటలు కూడా వచ్చేశాయి. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఆమె గొంతు ఎక్కడా లేదు. వాళ్ళందరి కింద మునిగిపోయింది, ఆ రోజు రేకుల గదిలో మునిగినట్టే.

నేను ఆమె వైపు చూశాను. ఆమె కుర్చీ చేతి మీద చెయ్యి వేసి లేవబోతోంది.

"ఆపండి!" అని అరిచాను. సంఘంలో పాడుతున్నవాళ్ళ మీద అరవడం నా జీవితంలో అదే మొదటిసారి. "దయచేసి ఆపండి. పాడకండి. వినండి."

డ్రమ్ములు తడబడి ఆగాయి. పాట ముక్కలై ఆగింది. నేను ఫైలు మళ్ళీ ఆమె పాట మొదలయ్యే చోటి నుంచి పెట్టాను. ఈసారి అందరూ విన్నారు. కుక్కర్ విజిల్‌కు ఒక పిల్లవాడు నవ్వాడు, వాళ్ళమ్మ నోరు మూసింది. తర్వాత రెండో ఫైలు. "అక్కా, ఆ లైను ఇంకోసారి అనండి." నా గొంతు గుర్తుపట్టినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఉపవాసంలో నాకు ఏ గదీ కనబడలేదు," అన్నాను. "కనబడిందేమో అనుకుని, తర్వాత కనబడిందనే చెప్పాను. ఈ పాట ప్రభువు నాకు ఇవ్వలేదు. ఆ అక్కకు ఇచ్చాడు. ఆమె దగ్గర నేను తీసుకున్నాను. తీసుకుని, ఆయన ఇచ్చాడని చెప్పాను. ఆమె తుడిచింది నిజమైన నేల."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెండో వరుసలో ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్ళాడు, అక్క పక్క నుంచే, ఆమెను చూడకుండా. ఆయన చెల్లెలి సమాధి మీద ఆ లైను చెక్కించారని నాకు తెలుసు. మా సంఘం నన్ను ఇంకా వాయించనిస్తుందో లేదో ఇది రాసేనాటికి తేలలేదు. పాస్టర్ గారు నా చేతిలోంచి మైకు తీసుకుని, "ప్రార్థన చేద్దామండి," అన్నారు.

అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. నేను కీబోర్డు దగ్గరికి వెళ్ళలేదు. ఆ ప్రార్థన కింద ఏ స్వరమూ లేదు, అది ఎంత బోసిగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. హాలు పక్కగా నడిచి, చెప్పుల దగ్గర ఆమె కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. ఆమె పెదవులు మూసే ఉన్నాయి. తెరుచుకుంటాయని ఆశపడ్డాను. తెరుచుకోలేదు. కొద్దిసేపటికి నా వైపు వంగింది.

"గా ఫోన్ల ఇంక ఎన్నున్నయ్?"

"పన్నెండక్కా."

"విన్నవా?"

"లేదండి."

"ఎందుకు?"

"భయం."

"నేనున్న గద ఇప్పుడు," అంది. అది ఓదార్పో, హెచ్చరికో నాకు అర్థం కాలేదు. "పెట్టు."

జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీశాను. ఒకటి ఆమె చెంగు కిందికి జరిపి పెట్టుకుంది. ఇంకొకటి నేను పెట్టుకున్నాను. మూడో ఫైలు మీద వేలు ఉంచి, నొక్కలేక అలాగే ఉండిపోయాను. ఆమె తన వేలితో నా వేలిని కిందికి నొక్కింది.

వంగిన రెక్క ఫ్యాను టక్ టక్ మని తిరగడం మొదలుపెట్టింది.